చేప తల ఎవరి వైపు

వేసవి వేట నిషేధం ముగిసి, పడవలు మొదటిసారి నిండుగా తిరిగొచ్చే రోజున షిఫాన్ దీవిలో ఎవరింట్లోనూ పొయ్యి వెలగదు. ఊరంతా లాన్‌ఫెన్ హోటల్లోనే తింటుంది. చుట్టాలుంటే చుట్టాలతో, శత్రువులుంటే శత్రువులతో, ఖాళీ ఎక్కడ దొరికితే అక్కడ స్టూలు లాక్కుని కూర్చుంటారు. అవతలి గట్టునుంచి లాంచీలో వచ్చిన పట్నం జనం కూడా ఆ రద్దీలో ఇరుక్కుని, మొదట కాస్త బెదిరి, తర్వాత రొయ్యల పొట్టు నేలమీదే పడేస్తూ కలిసిపోతారు.

ఆ హోటలుకి మెనూ అంటూ లేదు. గుమ్మం ముందు వరసగా తొట్టెలుంటాయి. గొట్టాల్లోంచి గాలి బుడబుడమంటుంటే వాటిలో పీతలు, రొయ్యలు, గుల్లలు, పేరడిగితే హోటలు యజమానురాలు లాన్‌ఫెన్ కూడా ఒక్క క్షణం ఆలోచించే జీవాలు కదులుతుంటాయి. ఐసు మీద చందువలు, వెండిలా మెరిసే సావడాయిలు పరిచి ఉంటాయి. వచ్చినవాళ్ళు వేలు చూపించాలి, లాన్‌ఫెన్ "ఆవిరి మీదా, పులుసా?" అని అడగాలి. అంతే బేరం. చందువకి మిరపకాయలు దట్టించమన్నవాణ్ణి ఆవిడ పైనుంచి కిందకి చూసి, "పొద్దున దాకా ఈదిన చేప నాయనా ఇది. నీ కారం కావాలంటే ఇంటికెళ్ళి ఒట్టి అన్నంలో కలుపుకో" అంటుంది. అన్నాక కూడా వాడు అక్కడే తింటాడు, మళ్ళీ వస్తాడు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, అందుకే అంటుంది.

పొగరనేవాళ్ళు పొగరంటారు. కానీ ఆ పొగరు ఊరికే వచ్చింది కాదు. ఆవిడ పొయ్యి మీదకెక్కిన ప్రతి చేపా ఆవిడ మొగుడు బావ్‌గెన్ పడవలో వచ్చిందే. దీవిలో బావ్‌గెన్ని మించి పడవ నడిపే సరంగు లేడని బావ్‌గెన్‌కి పడనివాళ్ళు కూడా ఒప్పుకునేవారు. అయితే ఇన్నేళ్ళ కాపురంలో లాన్‌ఫెన్ ఒక్కసారి కూడా ఆ పడవ ఎక్కలేదు. ఎక్కనివ్వలేదు. ఆడది వల దాటితే వల ఖాళీగా వస్తుందని అక్కడివాళ్ళ నమ్మకం. రేవులో నిలబడి బుట్టలందుకోవడం వరకే ఆవిడ వంతు.

అలాంటి దీవిలో ఈ యేడు బావ్‌గెన్ కూతురు హైనింగ్ సరంగుగా పడవ తీసుకెళ్ళింది.

వసంతంలో బావ్‌గెన్ మోకాలు మొరాయించింది. ఒక రోజు పడవ దిగుతూ కాలు పెట్టలేక, నలుగురు పట్టుకుంటే గానీ గట్టెక్కలేకపోయాడు. తర్వాత సరంగు ఎవరని ఊరంతా చెవులు కొరుక్కుంది. బావ్‌గెన్ తమ్ముడు దెఫూ ఇంజను దగ్గర తలపండినవాడు, తనే అనుకున్నాడు. గుట్టుగా కొత్త టోపీ కూడా కొనుక్కున్నాడని అంటారు. బావ్‌గెన్ మాత్రం, చిన్నప్పట్నుంచీ రేవులోనే పెరిగి, పెద్ద ఓడల్లో పనిచేసి లైసెన్సు తెచ్చుకున్న కూతురి పేరు చెప్పి ఊరుకున్నాడు. పడవ అతనిది, కాదనేవాడు లేడు. కానీ కూలీలు షరతు పెట్టారు. "ఈ ఒక్క వేటకీ వెళ్తాం. తర్వాత సంగతి బల్ల దగ్గర చూసుకుందాం" అన్నారు.

బల్ల దగ్గర అంటే లాన్‌ఫెన్ హోటల్లో, కిటికీ పక్కనున్న పెద్ద గుండ్రటి బల్ల. మొదటి వేట నుంచి వచ్చినరోజు పడవవాళ్ళంతా దాని చుట్టూ కూర్చుంటారు. వేటలో దొరికిన మేలైన చేపని వండి తెచ్చి నడుమ పెడతారు. దాని తల సరంగు వైపు ఉండాలి. సరంగు తలలోంచి మొదటి ముక్క తీసుకునేదాకా ఎవడూ చాప్‌స్టిక్కు ముట్టడు. ఎవరి ముందున్న భాగం వాళ్ళదే, అవతలి వైపుకి చెయ్యి చాపకూడదు. పళ్ళెం ఒకసారి బల్లమీద ఆనిందంటే ఇక కదపకూడదు, తిప్పకూడదు. పళ్ళెం తిప్పడమంటే నడిసముద్రంలో పడవ తిప్పడమే. తల ఎవరి వైపు నిలిస్తే మళ్ళీ నిషేధం దాకా వాడే సరంగు. ఆ బల్ల మీద తేలిన మాటకి అప్పీలు లేదు.

తల హైనింగ్ వైపు నిలిస్తే సరి. లేదూ, అలవాటు కొద్దీ బావ్‌గెన్ వైపే నిలిచిందో, ఆ పిల్ల తండ్రికి బదులుగా ఒక్కసారి వెళ్ళొచ్చిన పిల్ల అవుతుంది, అంతే. కూలీలు ఎవరి దారి వాళ్ళు చూసుకుంటారు. పక్క పడవలవాళ్ళు అప్పటికే వాళ్ళని సిగరెట్లిచ్చి పలకరిస్తున్నారు. పళ్ళెం పెట్టేది లాన్‌ఫెన్. ఎటు పెట్టాలో చెప్పాల్సింది పడవ యజమాని.

"ఎవరి వైపు పెట్టమంటావు?" అని ఆ పొద్దున మొగుణ్ణి అడిగింది.

బావ్‌గెన్ మోకాలికి వేడి కాపడం పెట్టుకుంటూ, "ముందు చేప రానీ" అన్నాడు.

"చేప వస్తుంది లేవయ్యా. వచ్చాక?"

"వచ్చాక చూద్దాం."

"నీతో మాట్లాడే కంటే ఆ తొట్టెలో పీతతో మాట్లాడ్డం నయం" అని విసుక్కుని ఆవిడ ఆవాకు ఊరగాయ కుండ మూత తీసింది.

చేప వచ్చింది. మామూలుగా రాలేదు. మధ్యాహ్నం కాకముందే హైనింగ్ తనే బుట్ట పట్టుకుని రేవు మెట్లెక్కి వచ్చింది. రబ్బరు బూట్లు, ఎండకి కమిలిన ముక్కు, గొంతు బొంగురు. "అమ్మా, చూడు" అని ఐసు పక్కకి తోసింది.

పసుపు చేప. చెరువుల్లో పెంచి తొట్టెల్లో అమ్మేలాంటిది కాదు, సముద్రంలో పుట్టి సముద్రంలో పెరిగినది. మోచెయ్యంత పొడుగు, పొట్టంతా మేలిమి బంగారం రంగు, పెదాలు ఎర్రగా. అలాంటిది లాన్‌ఫెన్ కాపురానికొచ్చిన కొత్తల్లో చూసింది. తర్వాత తర్వాత ఆ చేప కనబడటం మానేసింది, దాని గురించి చెప్పుకోవడమే మిగిలింది. ఆవిడ తడిచెయ్యి ఏప్రానుకి తుడుచుకుని, చేపని ముట్టుకుని, ఏమనాలో తెలియక, "ఏమైనా తిన్నావా లేదా?" అంది.

"ఒకటే కాదమ్మా, బుట్టెడున్నాయి. మిగిలినవి చిన్నవి" అని హైనింగ్ నవ్వింది.

నింగ్‌బో నుంచి భార్యాపిల్లలతో వచ్చిన పట్నం మనిషొకడు తొట్టెలు చూస్తున్నవాడు కాస్తా పరుగున వచ్చాడు. "ఇది అసలైనదే కదండీ! మాకిచ్చెయ్యండి. ధర మీరే చెప్పండి, నేను బేరమాడను."

"అది పడవవాళ్ళ బల్లకి బాబూ. అమ్మకానికి కాదు."

"ఎంతైనా..."

"ఎంతైనా అంటే ఎంతకీ కాదనే. అదిగో చందువలున్నాయి, పొద్దుటివే. వేలు చూపించు, వండి పెడతాను" అని ఆవిడ చేపతో లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాట అనడంలో ఉన్న సుఖం ఏ ధర ఇచ్చినా రాదని ఆవిడకి తెలుసు.

పొలుసు తీసి, ఊరిన ఆవాకు తరిగి, అల్లం చితక్కొట్టి, పెద్ద మూకుడు పొయ్యి మీద పెట్టింది. ఈ చేపని మాత్రం మూకుట్లో తిప్పదు. తిరగేస్తే పడవా తిరగబడుతుందని, పడవవాళ్ళ చేపని ఆ దీవిలో ఏ ఆడదీ తిరగెయ్యదు. పులుసు పైనుంచి గరిటెతో పోస్తూ, పోస్తూ, ఒక వైపునుంచే ఉడకనిస్తుంది. చెయ్యి పనిలో ఉంది గానీ చెవి మాత్రం వంటింటి కిటికీలోంచి బల్ల దగ్గరే ఉంది.

బల్ల దగ్గర అందరూ చేరారు. బావ్‌గెన్ ఎప్పటిలాగే సముద్రం కనబడే కుర్చీలో, సరంగు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. హైనింగ్ వంటింటి గుమ్మం పక్కన, పడవలో కొత్తగా చేరినవాళ్ళు కూర్చునే ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంది. అది చూసి లాన్‌ఫెన్ 'ఈ మనిషికి బుద్ధుందా' అని గరిటె మూకుడికేసి కొట్టింది.

అప్పటికి వలలాగే ఆకూయ్ కథ మొదలుపెట్టాడు. వాడికి ఇంత నోరు, అంత కడుపు.

"మీరు నమ్మరు సరే, నేను చూసింది చెప్తున్నా. అన్ని పడవలూ తూర్పుకి పోయాయా? మేమూ పోతున్నాం. ఉన్నట్టుండి హైనింగ్ ఇంజను ఆపమంది. దెఫూ మావ ఎందుకు ఆపాలంటాడు. ఈ పిల్ల మాట్లాడదే! ఆపేదాకా చెయ్యి ఎత్తే ఉంచింది. ఆపాక ఏం చేసిందనుకున్నారు? పడవ అడుగున పలక మీద బోర్లా పడుకుని చెవి ఆనించింది."

"నిద్రొచ్చి పడుకుందనుకున్నా" అన్నాడు దెఫూ, టీ చప్పరిస్తూ.

అందరూ నవ్వారు. హైనింగ్ కూడా నవ్వింది.

"మేమూ అలానే అనుకున్నాం మావా, నేనైతే దుప్పటి తెద్దామనుకున్నా! అంతలో లేచి, ఉత్తరానికి పొమ్మంది. కాసేపయ్యాక మళ్ళీ ఆపు. మళ్ళీ చెవి. మళ్ళీ ఉత్తరం. నాకు తిక్కరేగింది. అప్పుడంది, 'ఆకూయ్, రా, నువ్వూ విను' అని. పెట్టా చెవి. ఏం వినపడలేదు. అంతా నీళ్ళే. 'చేపలు కప్పల్లా అరుస్తున్నాయి, వినపడట్లేదా?' అంది. నాకు మా ఆవిడ అరుపే సరిగా వినపడదు, చేప అరుపేం వినపడుద్ది? వల వెయ్యమంది, వేశాం. పైకి లాగితే, ఒరే, వలంతా పసుప్పచ్చగా! మా తాత చెప్తే అబద్ధమనుకున్నా ఇన్నాళ్ళూ."

"అదృష్టం" అన్నాడు దెఫూ. "గుడ్డి కోడికీ గింజ దొరుకుద్ది. రేపు మళ్ళీ చెవి పెట్టి చూడమను."

"బాబాయ్, రేపు నువ్వూ పక్కన పడుకుందువుగాని. ఇద్దరం పెడదాం చెవులు" అంది హైనింగ్.

మళ్ళీ నవ్వులు. కానీ ఆ నవ్వుల్లో కూలీలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. బావ్‌గెన్ మాత్రం టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. ఒక్కమాట మాట్లాడలేదు.

లాన్‌ఫెన్ నిశ్చయం చేసేసుకుంది. మొగుడు చెప్పకపోతే పోయాడు. చేప తల కూతురి వైపే పెడుతుంది. నలుగుర్లో బావ్‌గెన్‌కి తలవంపులైతే అవుతాయి, రాత్రికి ఇంట్లో పోట్లాడుకోవచ్చు. వేడి పళ్ళెం రెండు చేతులా పట్టుకుని, తల తన కుడివైపు, అంటే గుమ్మం పక్కనున్న స్టూలు వైపు ఉండేలా సర్దుకుని బయటికొచ్చింది. హోటల్లో మాటలు తగ్గిపోయాయి. నింగ్‌బో మనిషి పిల్లలతో సహా లేచి నిలబడ్డాడు.

బల్ల దగ్గరకొచ్చి వంగిందో లేదో దెఫూ అన్నాడు, "వదినా, చూసుకో! తల దారి తప్పుతోంది."

ఆ ఒక్క మాటకి ఆవిడ చేతులు ఉలిక్కిపడ్డాయి. పెళ్ళైన నాటినుంచీ ఏటేటా అదే బల్ల మీద, అదే కుర్చీ వైపు, అదే విధంగా పెట్టిన చేతులవి. మనసు వద్దంటున్నా మణికట్లు వాటంతట అవే తిరిగిపోయాయి. పళ్ళెం బల్ల మీద ఆనింది. పులుసు అంచుదాకా ఊగి ఆగింది.

తల బావ్‌గెన్ వైపు ఉంది.

లాన్‌ఫెన్ చేతులు పళ్ళెం మీదే ఉండిపోయాయి. ఒక్క తిప్పు తిప్పితే చాలు. కానీ ఆనిన పళ్ళేన్ని తిప్పితే, ఆ పడవ ఎక్కడానికి ఆకూయ్ కూడా రాడు. ఆవిడకి ఏడుపొచ్చింది. చేతులు నరుక్కోవాలనిపించింది. హైనింగ్ మాత్రం వీపు నిటారుగా పెట్టుకుని, చేప తోక వైపు చూస్తూ కూర్చుంది. ఆ పిల్ల పెదవి కొరుక్కోవడం ఎవరూ చూడలేదు, తల్లి తప్ప.

దెఫూ కుర్చీలో వెనక్కి వాలాడు. "అదీ! కానీ అన్నయ్యా, మొదలెట్టు. ఆకలేస్తోంది."

బావ్‌గెన్ చాప్‌స్టిక్కులు తీసుకోలేదు. చేప కళ్ళలోకి చూశాడు. తర్వాత పెళ్ళాం వైపు చూశాడు. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి, ఎప్పుడూ లేంది, మెత్తగా అన్నాడు. "ఎందుకు కంగారు పడతావు? నువ్వు సరిగ్గానే పెట్టావు. తల సరంగు కుర్చీ వైపే ఉంది. కూర్చోకూడని కుర్చీలో కూర్చున్నది నేను."

బల్ల మీద చెయ్యానించి లేచాడు. మోకాలు కలుక్కుమంది, ఆకూయ్ పట్టుకోబోతే తోసేశాడు. కుంటుకుంటూ బల్ల చుట్టూ నడిచి గుమ్మం పక్కకి వచ్చాడు.

"లే హైనింగ్. అది నా స్టూలు."

"నాన్నా, నీ మోకాలు..."

"మోకాలి సంగతి నేను చూసుకుంటా. వెళ్ళి నీ కుర్చీలో కూర్చో. పులుసు చల్లారితే మీ అమ్మ ఊరుకోదు."

దెఫూ లేచి నిలబడ్డాడు. "అన్నయ్యా, ఇదేం బాగోలేదు. పళ్ళెం నీ వైపు ఆనింది. అందరం చూశాం. మనుషుల్ని మార్చడమేంటి?"

"పళ్ళెం తిప్పకూడదన్నారు పెద్దలు. మనుషులు లేవకూడదని ఎవడన్నాడు?"

"ఆడపిల్లని ఆ కుర్చీలో కూర్చోబెడితే..."

"కూర్చో దెఫూ" అన్నాడు బావ్‌గెన్. గొంతు పెంచలేదు. తుఫానులో చుక్కాని పట్టుకుని మాట్లాడే గొంతు అది, దానికి అలవాటుపడ్డ దెఫూ కాళ్ళు వాటంతటవే వంగాయి. "ఆ చేపల అరుపు నీకు వినపడిందా?"

"లేదు."

"నాకూ వినపడదు. వినపడటం మానేసి ఏళ్ళైంది. మా నాన్న నేర్పిన విద్య, నా చెవిలోనే చచ్చిపోయిందనుకున్నా. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. దీనికి చిన్నప్పుడు రేవులో పడవ మీద పడుకోబెట్టి, విను, విను అనేవాణ్ణి, వినోదానికి. నాకు వినపడనిది దానికి వినపడుతోందని ఇవాళే తెలిసింది." మొహం ఎర్రబడింది. "ఇందాకటి నుంచీ మాట్లాడ్డం లేదేమిటని చూస్తున్నారు కదా అందరూ. ఏం మాట్లాడను? నోరు తెరిస్తే గర్వంతో అరిచేలా ఉన్నాను. ఈ వయసులో బాగోదు."

ఆకూయ్ ముక్కు చీదాడు. ఇంకెవడో బల్లమీద అరిచేత్తో కొట్టాడు. ఒకళ్ళని చూసి ఒకళ్ళు అందరూ కొట్టారు, గ్లాసులు ఎగిరిపడ్డాయి. బావ్‌గెన్ ఆ ప్లాస్టిక్ స్టూలు మీద కూలబడ్డాడు. అతని ముందు చేప తోక ఉంది. చిన్నప్పుడు పడవలో చేరిన యేడు తిన్నాడేమో, మళ్ళీ ఇవాళే.

హైనింగ్ వెళ్ళి సముద్రం కనబడే కుర్చీలో కూర్చుంది. చాప్‌స్టిక్కులు తీసుకుని, చేప బుగ్గ మీద మెత్తటి కండని విప్పి నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

"అమ్మా," అంది కళ్ళు తెరిచి, "బ్రహ్మాండంగా ఉంది."

"ఉండదా మరి! తినండి, తినండి!" అంది లాన్‌ఫెన్. ఏప్రానుతో కళ్ళు తుడుచుకుంటూనే కసిరింది.

అందరి చేతులూ ఒక్కసారి లేచాయి. దెఫూ ఒక్కడే కదల్లేదు. అతని ముందు పొట్ట భాగం, బంగారు రంగుది, ఎవరైనా పెట్టిపుట్టుంటేనే దొరికేది, అలాగే ఉంది. అవతలి వైపు చెయ్యి చాపే హక్కు ఆ బల్ల మీద సరంగు ఒక్కరికే ఉంది. హైనింగ్ తన వంతు తలలో అన్నిటికంటే రుచైన ముక్క, ఆ ఎర్రటి పెదవి తుంపి, బల్లకి అడ్డంగా చెయ్యి చాపి, బాబాయి గిన్నెలో పెట్టింది.

"తిను బాబాయ్. నాకు చెవే ఉంది. నీ ఇంజను లేకపోతే ఆ చెవి ఎక్కడికి పోతుంది?"

దెఫూ ఆ ముక్కని చాలాసేపు చూశాడు. ఊరంతా అతన్నే చూస్తోంది. చివరికి తీసి నోట్లో వేసుకున్నాడు, నమిలాడు, ముల్లు ఊశాడు.

"రేపు ఎప్పుడు బయల్దేరాలి?" అన్నాడు గిన్నెలోకి చూస్తూనే.

"పోటు ఎక్కగానే."

"సరే సరంగూ. ఇంజను మళ్ళీ మళ్ళీ ఆపిస్తే మాత్రం ఊరుకోను."

లాన్‌ఫెన్ ఇక అక్కడ నిలబడలేకపోయింది. గుమ్మం ముందుకొచ్చి, అక్కర్లేకపోయినా తొట్టెలో నీళ్ళు కలిపింది, చందువల మీద ఐసు సర్దింది. నింగ్‌బో మనిషి వెనకాలే వచ్చాడు. ఇప్పుడు ధర మాటెత్తలేదు. చేతులు కట్టుకుని, కాస్త బెరుగ్గా అడిగాడు.

"ఏమీ అనుకోకండి. మీరు సరంగు గారి భార్యా?"

ఊళ్ళో, రేవులో, లాంచీలో, ఎవరడిగినా అవునని చెప్పి, ఆ అవునులోనే ఇన్నేళ్ళూ గర్వపడిన మనిషి ఆవిడ. ఐసు ముక్క చేతిలోనే కరిగిపోతుండగా తల ఎత్తి లోపలి బల్ల వైపు చూసింది.

"కాదు బాబూ," అంది, హోటలంతా వినపడేలా. "సరంగు తల్లిని."